భయపడేవాళ్లకే దయ్యం కథలు

మా అక్క కూతురు హాస్టల్లో ఈసారి అమ్మాయిలంతా కలిసి హాలోవీన్‌కి తలా ఒక దయ్యం పుస్తకం చదవాలనుకున్నారట. అక్టోబర్ 31 రాత్రి అందరూ ఒక గదిలో కూర్చుని, చదివినది చెప్పుకోవాలి. "ఏది చదవమంటావ్ పిన్నీ?" అని ఫోన్ చేసింది.

"నన్నడుగుతావేమే? నాకు భయమని మీ అమ్మ చెప్పలేదా?"

"చెప్పింది. అందుకే నిన్నడుగుతున్నా. అసలు భయమే లేనివాళ్లకి దయ్యం పుస్తకం బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?"

ఆ మాట నాకు బాగా నచ్చింది. దయ్యాల పుస్తకాల జోలికి నేను కావాలని వెళ్లే మనిషిని కాను. పేజీకో శవం, నరుక్కోవడాలు, రక్తం ఉన్న నవలైతే మొదట్లోనే మూసేస్తాను. కానీ ఇన్నేళ్లలో నా మనసులోంచి పోని పుస్తకాలు ఏమిటని ఆలోచిస్తే అందులో దయ్యం పుస్తకాలే ఎక్కువ కనిపిస్తున్నాయి. ఏదీ నేను వెతికి తెచ్చుకున్నది కాదు. ఏదో ఒక వంకన చేతికొచ్చి, వద్దనుకుంటూనే చదివించినవి.

మా చిన్నప్పుడు విశాఖపట్నంలో హాలోవీన్ అన్న మాటే లేదు. ఇప్పుడు షాపుల్లో అక్టోబర్ చివర నల్ల కాగితం గబ్బిలాలు వేలాడుతున్నాయి, ప్లాస్టిక్ గుమ్మడికాయలు నవ్వుతున్నాయి. మనది కాని పండగని కొందరు విసుక్కుంటారు గానీ నాకైతే అంత పరాయిగా అనిపించదు. మనం గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కట్టేది దిష్టి తగలకూడదని. వాళ్లు కాయకి కళ్లూ నోరూ చెక్కి లోపల దీపం పెట్టేదీ చెడ్డవి దగ్గరికి రాకూడదనే. ఐర్లండులో మొదట్లో టర్నిప్ దుంపలు చెక్కేవారు, గుమ్మడికాయ తర్వాత అమెరికాలో వచ్చింది. హాలోవీన్ వెళ్లిన వెంటనే, నవంబర్ 2న, వాళ్లు చనిపోయినవాళ్ల కోసం ప్రార్థిస్తారు. మనకి అంతకు కొన్ని వారాల ముందే మహాలయ పక్షాలు అయిపోతాయి. ఎండాకాలం పోయి, వానలు తగ్గి, పొద్దు తొందరగా గూకే రోజుల్లో పోయినవాళ్లు గుర్తుకు రావడం అన్ని ఊళ్లలోనూ ఉన్నట్టుంది.

నాకు తెలిసిన మొదటి దయ్యం చందమామలోది. మా ఇల్లు వన్‌టౌన్‌లో, పాత పోస్టాఫీసుకి దగ్గర్లో. నాన్న పోర్టులో పనిచేసేవారు. రాత్రిపూట కరెంటు పోతే హార్బర్లో ఓడ కూత ఇంట్లోకే వచ్చినట్టు వినిపించేది. లాంతరు దగ్గర బోర్లా పడుకుని బేతాళ కథ తీసేదాన్ని. కత్తి పట్టిన రాజు, భుజం మీద శవం, వెనక మర్రి ఊడలు. శంకర్ గారు వేసిన ఆ బొమ్మ మీద అరచెయ్యి కప్పుకుని కింద కథ చదివేదాన్ని. కథలో ఎప్పుడూ భయపడాల్సింది ఏమీ ఉండేది కాదు. ఒక చిక్కు ప్రశ్న, దానికో తెలివైన జవాబు, అంతే. సోమదేవుడి కథాసరిత్సాగరంలో బేతాళుడి కథలు పాతిక ఉంటే, అవి అయిపోయాక కూడా చందమామ కొత్తవి రాయించుకుంటూ దశాబ్దాల పాటు నడిపింది. అందుకే మా తరం పిల్లలకి బేతాళుడు చుట్టం కిందే లెక్క. అయినా నా చెయ్యి ఆ బొమ్మ మీద నుంచి తీసేదాన్ని కాదు.

అమ్మమ్మకి నా చదువు నచ్చేది కాదు. "ఏటే గుంటా, దీపాలేళ సవాల బొమ్మలేటి సూస్తన్నావు? రాత్రి కలవరిస్తావు, ఎల్లి పడుకో" అని లాంతరు తీసుకుని పోయేది. ఆవిడ మాత్రం చిల్లంగి (చేతబడి) కథలు, చెరువు గట్టు మీద కొరివి దయ్యం కథలు అన్నం కలుపుతూ చెప్పేది. ఆ కథలన్నిటిలో దయ్యానికి ఒక పేరుండేది, ఒక ఊరుండేది. ఫలానా వాళ్ల కోడలు, నీళ్లకెళ్లి రాలేదు. ఫలానా రైతు, కూతురి పెళ్లి చూడకుండా పోయాడు. దయ్యం అంటే ఏదో కావాలనుకుని అది దక్కకుండా పోయిన మనిషి అని నాకు అప్పుడే మనసులో పడిపోయింది. ఇప్పటికీ నాకు నచ్చే దయ్యం కథలన్నీ అలాంటివే.

హైస్కూలుకి వచ్చాక అద్దె పుస్తకాల కొట్టు. పూర్ణా మార్కెట్ దగ్గర ఒక సందులో ఉండేది. అడ్వాన్సు కట్టి, రోజుకింత అని ఇచ్చి తెచ్చుకోవాలి. అక్కడే నాకు తులసిదళం దొరికింది. అచ్చు పుస్తకం కాదు. యండమూరి వీరేంద్రనాథ్ నవల ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు ఎవరో వారం వారం కాగితాలు చించి దాచి బైండు చేయించినది. అట్ట మీద క్యాలికో గుడ్డ, లోపల పురికొస కుట్లు, మైదా జిగురు వాసన. బైండు మిషన్ అంచులు కోసినప్పుడు చివరి అక్షరాలు పోయాయి, వాటిని మనమే ఊహించుకుని చదవాలి. కొన్ని పేజీల వెనక వేరే కథ తోకలు, తలనూనె ప్రకటనలు. ఒకచోట మార్జిన్లో పెన్సిల్‌తో ఎవరో "రాత్రి చదవొద్దు" అని రాసి, కింద రెండు గీతలు కొట్టారు. అప్పటిదాకా పగలే చదువుతున్నదాన్ని, ఆ రాత చూశాక డాబా మీదికి, ఎండలోకి వెళ్లి కూర్చున్నాను.

తులసి అనే చిన్నపిల్ల. రోగమేమిటో డాక్టర్లకి అంతుబట్టదు. ఒకవైపు వైద్యం, ఒకవైపు క్షుద్రవిద్య రెండూ పక్కపక్కనే నడుస్తాయి, దేన్ని నమ్మాలో చదివేవాళ్లే తేల్చుకోవాలి. ఆ కట్టుదిట్టం చూసి ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. నాకు మాత్రం మంత్రగాడి కంటే తండ్రే ఎక్కువ గుర్తున్నాడు. పిల్ల కోసం ఆయన పడే యాతన చదువుతుంటే కడుపులో దేవినట్టు ఉండేది. మా అక్క కూతురికి ఈ పుస్తకం చెప్పాను గానీ ఒక మాట కూడా చెప్పాను. దీన్ని కథగానే చదువు. చిల్లంగి పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన మన్యం వైపు నుంచి ఇప్పటికీ వస్తుంటాయి. చేతబడి మన దగ్గర పుస్తకాల్లోనే ఉండే విషయం కాదు, ఆ అనుమానం నిజమైన మనుషుల మీద పడుతుంది. నవల చదివినంతసేపూ భయపడు, మూసేశాక మాత్రం ఎవర్నీ అనుమానించకు అన్నాను.

ఇంటర్‌లో ఇంగ్లిష్ మాస్టారు సిలబస్ అయిపోయాక ఒక గంట ఖాళీ ఉంటే కోతి పంజా కథ చెప్పారు. డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ 1902లో రాసిన 'ది మంకీస్ పా'. ఇండియాలో ఒక ఫకీరు మంత్రించిన ఎండు కోతి పంజా ఇంగ్లండులో ఒక ముసలి దంపతుల ఇంటికి చేరుతుంది, మూడు కోరికలు తీరుస్తుంది. రెండు వందల పౌండ్లు కోరుకుంటారు. డబ్బు వస్తుంది, కొడుకు ఫ్యాక్టరీలో మిషన్ల మధ్య పడి చనిపోయినందుకు పరిహారంగా. కొడుకు మళ్లీ బతికి రావాలని తల్లి రెండో కోరిక కోరిస్తుంది. ఆ రాత్రి వీధి తలుపు చప్పుడవుతుంది. తల్లి గొళ్లెం తీయడానికి పరుగెత్తుతుంది, తండ్రి వద్దని పట్టుకుంటాడు. మాస్టారు అక్కడ ఆపి బల్ల మీద వేళ్లతో మెల్లగా కొట్టారు. క్లాసంతా ఆడపిల్లలమే. తలుపు తీస్తే బాగుండునని, తీయకపోతే బాగుండునని రెండూ ఒక్కసారే అనిపించాయి. నేను చదివిన చిన్న దయ్యం కథల్లో దీన్ని మించింది లేదు. పావుగంటలో అయిపోతుంది.

టాగోర్ 'క్షుధిత పాషాణం' ప్రయాణంలో చదవాల్సిన కథ. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో తెలుగు అనువాదం తీసుకుని, హైదరాబాదు వెళ్తూ స్టేషన్లో గోదావరి ఎక్స్‌ప్రెస్ కోసం కూర్చుని మొదలుపెట్టాను. తెరిచాక తెలిసింది, అందులో కథ చెప్పే మనిషి కూడా స్టేషన్లో రైలు కోసం ఎదురుచూస్తూనే చెబుతున్నాడని. అతను నిజాం కొలువులో చేరి పత్తి సుంకాలు వసూలు చేసే ఉద్యోగం మీద ఒక ఊరు వెళ్తాడు. అక్కడ నది ఒడ్డున పాడుబడ్డ పాలరాతి మహలు. రాత్రయితే అందులో గజ్జెలు, అత్తరు, కనబడని ఆడవాళ్ల అడుగులు. పగలు దుమ్ము తప్ప ఏమీ ఉండదు. టాగోర్ 1878లో కుర్రవాడిగా అహ్మదాబాదులో అన్నగారి దగ్గర ఉన్నప్పుడు షాహీబాగ్ మహల్లో గడిపిన రోజుల్లోంచి పుట్టిన కథ ఇది. ఆ మహల్లో ఏళ్ల క్రితం ఏం జరిగిందో, రాత్రుళ్లు అతన్ని వెంటాడే అమ్మాయి ఎవరో అసలు రహస్యం చెప్పబోయే సమయానికి కథలో రైలు వచ్చేస్తుంది. అతను పెట్టె ఎక్కేస్తాడు, కథ అక్కడే ఆగిపోతుంది. నాకు ఆ రోజు కోపం వచ్చింది. ఇప్పుడు మాత్రం ఆ ముగింపు కోసమే అందరికీ ఈ కథ చెబుతుంటాను.

షిర్లీ జాక్సన్ 1959లో రాసిన 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్' హుద్‌హుద్ నాటి పుస్తకం నాకు. దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

2014 అక్టోబర్ 12, ఆదివారం. గంటకి 170 కిలోమీటర్లు దాటిన గాలి. చెట్లన్నీ పడిపోయాయి, సెల్ టవర్లు పోయాయి, ఊరంతా చీకటి. మధ్యాహ్నం తుఫాను కన్ను ఊరి మీదికి వచ్చినప్పుడు ఒక్కసారిగా గాలి ఆగింది. జనం అయిపోయిందనుకుని బయటికొచ్చి చూశారు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలైంది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. నీళ్ల ట్యాంకర్ కోసం లైన్లు, పాల ప్యాకెట్ కోసం లైన్లు. అప్పుడు అమ్మ మంచాన ఉంది. నడవలేదు, గట్టిగా పిలవలేదు. మంచం పక్కన స్టీలు గ్లాసు పెట్టేవాళ్లం. ఏదైనా కావాలంటే దాన్ని మంచం కోడుకి తగిలించి చప్పుడు చేసేది. ఆ చప్పుడుకి నేను ఎంత గాఢ నిద్రలో ఉన్నా లేచేదాన్ని.

అలాంటి రాత్రుల్లో పడుకోవడం కుదరక, ఎవరో చదవమని ఇచ్చి వెళ్లిన ఈ నవల టార్చిలైటు పెట్టుకుని తెరిచాను. ఎలినార్ అనే ముప్ఫై రెండేళ్ల అమ్మాయి. పదకొండేళ్లు మంచాన పడ్డ తల్లికి చాకిరీ చేసింది. తల్లి పోయింది. ఇక తనకంటూ ఇల్లు లేదు, ఎవరూ లేరు. ఒక పరిశోధకుడు దయ్యాల కొంపని పేరున్న ఇంట్లో కొన్నాళ్లుండటానికి మనుషుల్ని పిలిస్తే, తన జీవితంలో మొదటిసారి తనను ఎవరో పిలిచారని సంబరంగా బయల్దేరుతుంది. ఆ ఇంట్లో ఒక రాత్రి గోడల మీద, తలుపుల మీద ఎవరో బాదుతున్న చప్పుడు. నిద్రమత్తులో ఉన్న ఎలినార్‌కి ముందు అది తల్లి పిలుపే అనిపిస్తుంది. వస్తున్నానమ్మా, వస్తున్నా అంటూ లేస్తుంది.

నేను పుస్తకం మూసి, అమ్మ గదిలోకి వెళ్లి చూసి వచ్చాను. అమ్మ నిద్రపోతోంది. గ్లాసు ఉన్నచోటే ఉంది. మళ్లీ వచ్చి చదివాను. తల్లి చివరి రాత్రి గోడ మీద కొట్టి పిలిచిందని, తను లేవలేదని ఎలినార్ తర్వాత చెబుతుంది. లేచి కూడా మళ్లీ పడుకుందో ఏమో తనకే తెలియదు. దయ్యం ఎక్కడుందో ఆ మాటతో నాకు అర్థమైంది. ఇంకోచోట ఎలినార్ చీకట్లో పక్క మంచం మీది స్నేహితురాలి చెయ్యి గట్టిగా పట్టుకుని భయం ఓర్చుకుంటుంది. లైటు వెలిగాక చూస్తే ఆ స్నేహితురాలు అటు చివర తన మంచం మీదే ఉంటుంది. ఇంతసేపూ పట్టుకున్నది ఎవరి చెయ్యి? జాక్సన్ చెప్పదు. నవలంతా వెతికినా ఒక్క దయ్యం ముఖం కనిపించదు. రక్తం గోల అసలే తక్కువ. అయినా నేను ఇంతగా భయపడిన పుస్తకం లేదు, ఇంతగా ఏడ్చిన దయ్యం పుస్తకమూ లేదు. ఇంట్లో పెద్దవాళ్లకి సేవ చేసిన ఆడపిల్ల ఎవరైనా దీన్ని చదివితే నా మాట అర్థమవుతుంది.

డ్రాక్యులా గురించి అందరికీ తెలుసు, తెలుసు కాబట్టే చాలామంది చదవరు. బ్రామ్ స్టోకర్ 1897లో అచ్చువేసిన ఆ నవల అంతా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములే. మొదట్లో కోటలో జరిగేది ఎవరైనా చదవాల్సిందే. నడుమ మాటలు మరీ సాగుతాయి, అక్కడ ఓపిక పట్టాలి. మన ఊరివాళ్లకి ప్రత్యేకంగా చెప్పేది అందులోని ఓడ గురించి. డిమీటర్ అనే ఓడ తుఫానులో ఇంగ్లండు తీరంలోని విట్‌బీకి కొట్టుకొస్తుంది. లోపల ప్రాణంతో ఒక్క మనిషి లేడు. కెప్టెన్ శవం చుక్కాని చక్రానికి కట్టేసి ఉంటుంది. ఒక పెద్ద కుక్క మాత్రం ఒడ్డుకి దూకి చీకట్లో కలిసిపోతుంది. తర్వాత కెప్టెన్ రాసుకున్న లాగ్ పుస్తకం చదువుతాం. ఒక్కొక్క నావికుడూ ఎలా మాయమయ్యాడో రోజువారీ లెక్కలా రాసి ఉంటుంది. విట్‌బీలో 1885లో దిమిత్రీ అనే ఓడ నిజంగానే ఒడ్డుకి కొట్టుకొచ్చింది. స్టోకర్ 1890లో అక్కడ ఉన్నప్పుడు ఆ సంగతి తెలుసుకున్నాడు. పోర్టు ఉద్యోగి కూతుర్ని కనక ఆ లాగ్ పుస్తకం పేజీలు నాకు కోట కంటే ఎక్కువ వణుకు పుట్టించాయి.

2020 అక్టోబర్లో వాయుగుండం వచ్చినప్పుడు 'మా' అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ లంగరు తెగి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికి కొట్టుకొచ్చింది. సిబ్బంది అందరూ క్షేమంగా దిగారు. మాస్కులు పెట్టుకుని ఊరంతా చూడ్డానికి వెళ్లింది, మేమూ వెళ్లాం. అంత పెద్ద ఇనుప ఓడ రోడ్డుకి అంత దగ్గరగా, ఒక్క మనిషి లేకుండా, ఒక పక్కకి ఒరిగి ఉంది. జనం సెల్ఫీలు తీసుకుంటుంటే నేను చక్రం ఉండే గది కిటికీల వైపే చూస్తూ నిలబడ్డాను. ఇంటికొచ్చి ఆ అధ్యాయం మళ్లీ తీశాను.

బొత్తిగా ధైర్యం చాలనివాళ్లు రస్కిన్ బాండ్ 'ఎ ఫేస్ ఇన్ ది డార్క్'తో మొదలుపెట్టవచ్చు. సిమ్లా పైన్ చెట్ల మధ్య, టార్చిలైటుతో నడిచి వెళ్తున్న స్కూలు మాస్టారు, దారిలో తల వంచుకుని ఏడుస్తున్న పిల్లాడు. రెండు మూడు పేజీలే. ఇంకేమీ చెప్పను.

చివరగా ఎం. ఆర్. జేమ్స్. కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీకి ప్రొవోస్టుగా, అంటే అధిపతిగా ఉన్న పండితుడు. క్రిస్మస్‌కి స్నేహితుల్ని గదికి పిలిచి తను రాసిన దయ్యం కథలు చదివి వినిపించేవాడు. 1904లో మొదటి సంపుటం వచ్చింది. అందులో 'ఓ, విజిల్, అండ్ ఐల్ కమ్ టు యూ, మై ల్యాడ్' అనే కథ ఉంది. దయ్యాల్లేవని గట్టిగా వాదించే ప్రొఫెసర్ ఒకాయన సముద్రపొడ్డున పాత శిథిలాల్లో ఒక కంచు విజిల్ దొరికితే, మట్టి దులిపి ఊదుతాడు. గాలి లేస్తుంది. ఆ తర్వాత ఇసుకలో ఎవరో దూరంగా పరుగెత్తుకొస్తున్నట్టు కనిపిస్తుంది. హోటల్ గదిలో ఆయన వాడని రెండో మంచం మీద పక్కబట్టలు నలిగి ఉంటాయి.

ఈ కథ బిగ్గరగా చెప్పాల్సినది. భీమిలిలో 17వ శతాబ్దం నాటి డచ్చివాళ్ల సమాధులు చూసి వచ్చిన సాయంత్రం మా ఇంట్లో నేను తెలుగులో చెప్పాను. సమాధుల తోట బయటే సముద్రం, గుడ్డలు ఎగిరిపోయేంత గాలి, కాబట్టి కథలో ఊరిని ఎవరికీ వర్ణించాల్సిన పని లేకపోయింది. మా అత్తయ్య మొదటి నుంచీ చాలా శ్రద్ధగా విన్నారు. మంచం మీది దుప్పటి లేచి నిలబడే చోట ఎవరూ కదల్లేదు. అయిపోయాక పిల్లలు ఏవేవో ప్రశ్నలు వేశారు. ఆవిడ మాత్రం ఒక్కటే అడిగారు.

"మరి ఆ విజిల్ ఏం చేశారమ్మా చివరికి?"

అదే హోటల్లో దిగిన కల్నల్ దాన్ని తీసుకెళ్లి బలమంతా పెట్టి సముద్రంలోకి విసిరేశాడని చెప్పాను.

"ఏ సముద్రంలోకి?" అన్నారు అత్తయ్య.